ఫోనిక్స్ పెట్టె కొనే ముందు

హైదరాబాద్ కూకట్‌పల్లిలోనో విజయవాడ పటమటలోనో ఏ సందులోకి తిరిగినా అబాకస్, వేదగణితం, చేతిరాత బోర్డుల పక్కన ఇప్పుడు ‘ఫోనిక్స్’ అన్న మాట కూడా కనిపిస్తోంది. చిన్న పట్టణాలకూ ఆ బోర్డు చేరింది. ఆన్‌లైన్‌లో చెక్క అక్షరాలు, అయస్కాంతపు అక్షరాలు, నొక్కితే పలికే పలకలు, ఫ్లాష్ కార్డులు కలిపి పెట్టెలకు పెట్టెలు అమ్ముడవుతున్నాయి. మూడేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో ఆ పెట్టె తెప్పించాలా వద్దా అన్నది పెద్ద చర్చే. పక్క ఫ్లాటులో పిల్లాడు అప్పుడే చదివేస్తున్నాడన్న కబురు వింటే ఆ చర్చ అక్కడితో ముగిసిపోతుంది, పెట్టె వచ్చేస్తుంది.

ఇంట్లో, చేతికి ఏదో ఒక వస్తువు అందిస్తూ, ధ్వనికీ అక్షరానికీ ఉన్న లంకె నేర్పడం మంచి పద్ధతే. అందుకు పరిశోధనల బలమూ ఉంది. అయితే ఆ పరిశోధనల్లో పిల్లలకు మేలు చేసిన పనులు దాదాపు అన్నీ ఖర్చు లేనివి. పైగా తెలుగు ఇంట్లో ఆ పని మొదలుపెట్టాల్సింది తెలుగు ధ్వనులతో. ఈ రెండు సంగతులూ పెట్టె మీద రాసి ఉండవు కాబట్టి ఇక్కడ చెప్పుకోవాలి.

‘సీ ఏ టీ క్యాట్, క్యాట్ అంటే పిల్లి’ అని గొంతెత్తి చదివిన తరాలు మనవి. సీ, ఏ, టీ అన్నవి అక్షరాల పేర్లు. ఎంత వేగంగా కలిపి పలికినా ‘సీయేటీ’ అవుతుందే తప్ప క్యాట్ అవదు. అందుకే ప్రతి మాటనూ విడిగా బట్టీ పట్టాల్సి వచ్చింది. ఫోనిక్స్ ఈ పేర్లను పక్కనపెట్టి, అక్షరం ఏ ధ్వనికి గుర్తో ముందు చెబుతుంది. ఇంగ్లిషులో అక్షరాలు 26 అయితే ధ్వనులు సుమారు 44. ఆ ధ్వనులను కలిపితే మాట, విడదీస్తే స్పెల్లింగ్. అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో ఇచ్చిన నివేదిక ఈ పద్ధతిని క్రమంగా నేర్పడం పిల్లల చదువుకు మేలు చేస్తుందని తేల్చింది. ఇంగ్లండులో 2006 నాటి రోజ్ నివేదిక తర్వాత బడులన్నీ ఈ దారి పట్టాయి. 2012 నుంచి అక్కడ ఒకటో తరగతి పిల్లలకు 40 మాటల పరీక్ష పెడుతున్నారు. అందులో 20 మాటలకు అర్థమే ఉండదు. బట్టీ పట్టిన పిల్లలు ఆ ఇరవై దగ్గర దొరికిపోతారు, ధ్వనులు కలపడం వచ్చిన పిల్లలు చదివేస్తారు.

ఆ ప్యానెల్ నివేదికలో మన పెట్టెల వ్యాపారానికి అంతగా నచ్చని అంశాలూ ఉన్నాయి. ధ్వనుల ఆటలు అక్షరాలతో ముడిపడినప్పుడే ఎక్కువ ఫలితం ఇచ్చాయి. ఒకేసారి ఒకటి రెండు నైపుణ్యాలు నేర్పినప్పుడు వచ్చిన ఫలితం, అన్నీ కలిపి నేర్పినప్పుడు రాలేదు. ముప్పై రకాల వస్తువులున్న పెట్టె ముప్పై పనులు చేయమంటుంది. పిల్లకు కావలసింది ఒక్కటి.

ఇక చేతి సంగతి. వేలితో రాస్తూ నేర్చుకోవడం మనకు ఎవరో విదేశాల నుంచి తెచ్చిచ్చిన విద్య కాదు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమంలో చదువు బాధ్యత చేపట్టిన స్కాట్లండు మతాధికారి ఆండ్రూ బెల్, స్థానిక వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు రాయడం చూసి తన బడిలోనూ ఇసుక పరిపించాడు. 1797లో లండన్‌లో ఆయన వేసిన చిన్న పుస్తకంతో ఆ పద్ధతి ఇంగ్లండు బడులకు చేరింది. కాలం గడిచాక, 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. తెలుగుకు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఈయనే. యూరపులో మాదిరిగా వర్ణమాలను నోటితో వల్లించడంతో కాక, ఇసుకలో వేలితో రాయడంతో ఇక్కడి పిల్లవాడి చదువు మొదలవుతుందని అందులో ప్రత్యేకంగా గుర్తించాడు. అర్థం తెలియకుండా పద్యాలు వల్లె వేయించడాన్ని అదే నివేదికలో తప్పుపట్టాడు. రెండు మాటలూ నేటికీ మనకు వర్తిస్తాయి. బాసరలో పిల్లల వేలు పట్టుకుని బియ్యంలో ‘ఓం’ దిద్దించే మనం, ఆ మర్నాటి నుంచే ఆ వేలికి పని లేకుండా చేసి పెన్సిలూ వర్క్‌షీటూ చేతిలో పెడుతున్నాం.

మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోమ్ నగరంలోని శాన్ లొరెంజో పేటలో తన తొలి బాలల ఇల్లు తెరిచారు. గరుకు కాగితంతో కత్తిరించి చెక్కకు అంటించిన అక్షరాన్ని పిల్ల వేలితో తడుముతుంది, అదే సమయంలో దాని ధ్వనిని పలుకుతుంది. తర్వాత విడి అక్షరాలను నేల మీద పేర్చి మాట కడుతుంది. రాయడానికి వేళ్లు ఇంకా సిద్ధం కాకపోయినా మాటను ‘కట్టడం’ వస్తుంది. ఆమె 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. వందల మంది ఉపాధ్యాయులకు ఇక్కడే శిక్షణ ఇచ్చారు. ఆ పేరు తగిలించుకున్న బడులు మన ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి. ఆ పేరుకూ లోపల జరిగే పనికీ పొంతన ఉన్నవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

వేలు, నోరు ఒకేసారి పనిచేయడంలో ఫలితం ఉందని ఫ్రాన్సులో 2004లో బారా, జెంటాజ్ బృందం కిండర్‌గార్టెన్ పిల్లలతో చేసిన పరిశోధన చూపింది. ఉబ్బెత్తు అక్షరాలను వేలితో తడుముతూ ధ్వనుల అభ్యాసం చేసిన పిల్లలు, కేవలం కంటితో చూస్తూ చేసినవాళ్లకన్నా కొత్త మాటలను బాగా చదివారు. అయితే 2012లో అమెరికాలో కారిన్ జేమ్స్ చేసిన అధ్యయనం మనం మామూలుగా చేసే పనిలో ఒక లోపం చూపుతుంది. చదవడం రాని ఐదేళ్ల పిల్లల్లో కొందరు అక్షరాన్ని చూసి సొంతంగా రాశారు, కొందరు చుక్కల గీతల మీద దిద్దారు, కొందరు కీబోర్డుపై నొక్కారు. ఆ తర్వాత అక్షరాలు చూపించి మెదడును స్కాన్ చేస్తే, చదువుకు సంబంధించిన భాగాలు చురుగ్గా స్పందించింది సొంతంగా రాసినవారిలోనే. వంకరటింకరగా రాయడంలో పిల్ల ఆ అక్షరం రూపాన్ని తానే కట్టుకోవాల్సి వస్తుంది. చుక్కల మీద దిద్దేటప్పుడు ఆ శ్రమ ఉండదు. రోజూ రెండేసి పేజీలు చుక్కలు దిద్దించి చదువు అయిందనిపించుకునే నర్సరీలు ఈ సంగతి పట్టించుకోవాలి.

మరో అధ్యయనం ఇంకా సూటిగా తగులుతుంది. సింథియా చియాంగ్, జూడీ డిలోచ్ మూడేళ్లలోపు పిల్లలకు రెండు రకాల అక్షరాల పుస్తకాలు చూపారు. ఒకదానిలో లాగే అట్టలు, తెరిచే కిటికీలు వంటి హంగులున్నాయి. రెండోది సాదా పుస్తకం. పిల్లలు ఎక్కువ అక్షరాలు నేర్చుకున్నది సాదా పుస్తకం నుంచే. వస్తువు మరీ ఆకర్షణీయంగా ఉంటే పిల్ల దాన్ని వస్తువుగానే చూస్తుంది, అది దేనికి గుర్తో పట్టించుకోదు. నొక్కితే వెలిగి పాడే పలక ముందు కూర్చున్న పిల్లను కాసేపు గమనించండి. ఆమె నొక్కడం నేర్చుకుంటోంది.

వస్తువు పాత్ర ఎంతవరకో తేలింది కనుక తెలుగు దగ్గరికి వద్దాం. ఇంగ్లిషు కోసం తయారైన ఫోనిక్స్‌ను ఉన్నదున్నట్టు తెలుగు మీద మోపితే పని జరగదు. తెలుగు అక్షరం ధ్వని కాదు, ధ్వనుల ముడి. ‘కి’లో క్, ఇ రెండూ ఉన్నాయి. పిల్లల చెవి కూడా మొదట అక్షరాలనే వింటుంది. ‘మామిడి’ని మూడేళ్ల పిల్ల చప్పట్లతో మా-మి-డి అని సులువుగా విడదీస్తుంది. మ్-ఆ-మ్-ఇ-డ్-ఇ అని ఆరుగా విడదీయమంటే పెద్దలే తడబడతారు. కాబట్టి మొదటి మెట్టు అక్షరాల చప్పట్లు. ఇంట్లోవాళ్ల పేర్లతో, కూరగాయలతో, బస్సెక్కే ఊళ్ల పేర్లతో ఆడాలి. ఒక్కో అక్షరానికి ఒక్కో చింతపిక్క ముందుకు జరపాలి. సోవియట్ మనస్తత్వవేత్త డానియల్ ఎల్కోనిన్ గీసిన గడుల్లో గుర్తులు జరిపించి ధ్వనులను లెక్కపెట్టించిన పద్ధతి ప్రపంచమంతా ప్రసిద్ధం. సుద్దముక్కతో నేల మీద గీసిన గడులు, చింతపిక్కలు దానికి చాలు. మూడేళ్లలోపు పిల్లలకు మాత్రం పిక్కలు, బఠానీలు వద్దు. నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు. సీసా మూతలు, అవీ పెద్దవి, వాడాలి.

మొదటి అక్షరం ఆట, చివరి అక్షరం ఆట తర్వాతి మెట్టు. ‘పలకలో మొదట ఏం వినిపిస్తోంది నాన్నా?’ అని అడగాలి. అప్పటికి కాగితం, పలక దేనితోనూ పని లేదు. అంత్యాక్షరి మనకు ఉండనే ఉంది. ప్రయాణంలో పాటలు వదిలేసి మాటలతో ఆడినా చెవికి అదే సాధన. తర్వాత హ్రస్వ దీర్ఘాల తేడా. నెల-నేల, మెడ-మేడ, పడు-పాడు. రెండు చేతులూ దగ్గరగా పెట్టి పొట్టి ధ్వని, దూరంగా చాపి పొడుగు ధ్వని పలికిస్తే ఆ తేడా పిల్లల ఒంటికి పడుతుంది. ఇది వచ్చిన పిల్లకు దీర్ఘం గుర్తు ఎందుకుందో చెప్పాల్సిన అవసరం రాదు.

ఒత్తుల దగ్గర తెలుగు లిపి నిజంగా ఇబ్బంది పెడుతుంది. ‘అమ్మ’ను చప్పట్లతో విడదీయమంటే పిల్ల అమ్-మ అంటుంది. రాతలో మాత్రం అది అ-మ్మ. చెవి ఒకచోట విరిస్తే లిపి ఇంకోచోట విరుస్తోంది. ఒత్తు వదిలేసి ‘అమ’ అని రాయడం ఏ ఒకటో తరగతి టీచరుకైనా తెలిసిన పొరపాటే. అది అజాగ్రత్త అనుకుని పదిసార్లు రాయిస్తాం. నిజానికి ఆ నొక్కు పిల్ల చెవికి వినిపించిందో లేదో ముందు చూడాలి. గుడి-గుడ్డి, గడి-గడ్డి లాంటి జంటలు పలుకుతూ, నొక్కిన చోట పిడికిలి బిగించమనాలి. పిడికిలి బిగించిన చోటల్లా కింద ఒక మూత పెట్టించి, ఆ మూత స్థానంలోకే తర్వాత ఒత్తు తేవాలి.

‘కుర్చీ’ ఇంకా గమ్మత్తైనది. పలికే వరుసలో ర్, తర్వాత చ్, ఆఖరున ఈ. రాసే వరుసలో గుడిదీర్ఘం ర నెత్తిన కూర్చుంటుంది, చ ఒత్తు కిందికి పోతుంది. ఎడమ నుంచి కుడికి నిజాయితీగా చదివే పిల్ల ‘కురీ’ దగ్గర ఆగిపోవడంలో ఆశ్చర్యం ఏముంది? పక్కనున్న కన్నడ లిపికీ ఇదే తీరు. బెంగళూరులో సోనాలీ నాగ్ కన్నడ పిల్లలపై చేసిన పరిశోధనలు, ఇంగ్లిషు పిల్లలు ఏడాది రెండేళ్లలో ముగించే అక్షరాల అభ్యాసం ఇక్కడి పిల్లలకు ప్రాథమిక తరగతుల్లో ఏళ్ల తరబడి సాగుతుందని తేల్చాయి. వందల రూపాలు నేర్చుకోవాల్సిన లిపికి అది సహజం. అయినా మన ప్రైవేటు బడులు యూకేజీ ముగిసేసరికి గుణింతాలు, ఒత్తులు ‘కంప్లీట్’ చేశామని ప్రోగ్రెస్ కార్డులో రాస్తాయి. సిలబస్ పూర్తయి ఉండవచ్చు, పిల్లకు రావడం అన్నది వేరే లెక్క.

గుణింతం అసలు మన సొంత ఫోనిక్స్. ఒక హల్లు నిలిచి ఉండగా అచ్చు మారితే ఏమవుతుందో వరుసగా చూపే పట్టిక అది. దాన్ని క కా కి కీ అని రాగం తీసి పాడించడంతో ఆ లెక్క పాటలో మునిగిపోయింది. ‘కొ’ ఏదని విడిగా చూపమంటే, మొదటి నుంచి పాడుకుంటూ వచ్చి అక్కడ ఆగే పిల్లలు ఎంతమందో! దీన్ని చేతికి అందించడం తేలిక. పాత పెళ్లికార్డు వెనుక తలకట్టు లేకుండా క, గ, త, ప, మ వంటివి రాయండి. కొత్త చొక్కా పెట్టె మీది పారదర్శక ప్లాస్టిక్‌ను పట్టీలుగా కత్తిరించి ఒక్కోదానిపై తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం, ఒత్వం వంటివి గీయండి. పట్టీ మార్చినప్పుడల్లా హల్లు అలాగే ఉండి ధ్వని తోక మారుతుంది. జ, బ, ల, ణ లాంటివాటికి తలకట్టే ఉండదన్న సంగతి పిల్లలే కనిపెడతారు, పెద్దలకు గుర్తుచేస్తారు కూడా. ఆ పట్టీలతో అర్థం లేని మాటలు కట్టి చదవడం పిల్లలకు మహా సరదా. ‘గీమొలు’, ‘తెపూకి’ అని చదివి పడీపడీ నవ్వే పిల్లకు గుణింతం వచ్చినట్టే లెక్క. ఇంగ్లండు పరీక్షలోని ఇరవై మాటలు చేసే పని ఇదే.

అక్షరాల వరుస విషయంలోనూ పట్టుదల తగ్గించుకోవాలి. అ ఆ ఇ ఈ వరుసలో మొదలుపెడితే పిల్ల పదహారు అచ్చులు నేర్చినా ‘ఆట’ అన్న మాట కూడా కట్టలేదు. నాలుగైదు తేలికైన అక్షరాలు, ల, వ, త, ర, మ అనుకుందాం, నేర్పితే వల, తల, మర, వర వెంటనే చేతిలో ఉంటాయి. వర్ణమాల వరుస నిఘంటువు చూసే నాటికి కావాలి. అప్పటిదాకా ఆగినా నష్టం లేదు. ఒకేలా కనిపించే ప-వ-ష, న-స, ద-ధ-థ ఒకే వారంలో నేర్పకపోవడం మేలు.

ఇంగ్లిషు ఫోనిక్స్ ఎప్పుడు? తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన ఆ ప్రయత్నం కోర్టుల దాకా వెళ్లింది. రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిషుగా పుస్తకాలు అచ్చయ్యాయి. ఏ మీడియం మేలు అన్న వాదన ఇక్కడ వద్దు. పిల్ల ఇంగ్లిషు చదవాల్సిందే, కనుక దాన్ని సరిగా నేర్పాలి. అక్కడే మన ఇళ్లలో, సగం బోధనా కేంద్రాల్లో ఒకే పొరపాటు జరుగుతోంది. బి అక్షరానికి ‘బ’, టి అక్షరానికి ‘ట’ అని నేర్పుతున్నారు. అప్పుడు బ-ఆ-ట కలిపితే ‘బాట’ అవుతుంది, బ్యాట్ ఎలా అవుతుంది? హల్లు చివర అచ్చు అంటించకుండా పలకాలని ఇంగ్లండు టీచర్లకు శిక్షణలో పదేపదే చెబుతారు. మనకు ఆ అవసరం లేదు. పొల్లు ఉంది. ‘బ’ కాదు ‘బ్’, ‘ట’ కాదు ‘ట్’ అంటే పెద్ద బాలశిక్ష చదివిన తాతకైనా ఇట్టే అర్థమవుతుంది. వేల రూపాయల కోర్సు మొదటి వారం చెప్పే పాఠం ఇంతే.

ఇంకో చిక్కు మన నోటి అలవాటు. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి. బస్సు, పెన్ను, బుక్కు, కారు అని చివర ఉకారం చేరుస్తాం. ఆ మాటల్లో చివరి ధ్వని ఏదంటే తెలుగు పిల్ల ‘ఉ’ అంటే తప్పు ఆమెది కాదు. అందుకని మొదట సాగదీయగల ధ్వనులున్న మాటలు ఎంచుకోవాలి. స్‌స్‌స్, మ్‌మ్‌మ్, న్‌న్‌న్, ఫ్‌ఫ్‌ఫ్. ఫ్యాన్, సన్, మ్యాన్ లాంటి మాటల్లో ధ్వనులు ఒకదాంట్లోకి ఒకటి జారిపోతాయి. బ్, ట్, క్ టక్కున తెగిపోతాయి కనుక తర్వాత. చెవికి ఈ సాధన అయ్యాక అక్షరాలకు వస్తే, ఎస్, ఏ, టీ, ఐ, పీ, ఎన్ అనే ఆరింటితో మొదలుపెట్టడం ప్రసిద్ధ ఫోనిక్స్ పాఠాల్లో చాలాకాలంగా ఉన్న అలవాటు. ఆరింటితోనే సిట్, పిన్, ట్యాప్, న్యాప్ వంటి మాటలు బోలెడు కట్టవచ్చు. పాత పెళ్లికార్డులే మళ్లీ ముక్కలు చేయండి.

మనకు కలిసొచ్చేవీ ఉన్నాయి. ఎ-ఏ, ఒ-ఓ తేడా తెలుగు చెవికి పుట్టుకతోనే తెలుసు, హిందీ పిల్లలకు అది కొత్త. క్యాట్‌లోని అచ్చు ఇంగ్లిషు నుంచే వచ్చిందనుకుంటాం కానీ వచ్చాడు, చెప్పాడు అనేటప్పుడు మన నోట పలికేది దాదాపు అదే. వీ, డబ్ల్యూ తేడా, జడ్ ధ్వని మనకు లేవు. వాటిని అంతగా పట్టించుకోనక్కర్లేదు. యాసకూ చదవడానికీ సంబంధం తక్కువ. ‘నా ఉచ్చారణ బాగోదు, నేను నేర్పితే పాడవుతుంది’ అని వెనక్కి తగ్గే తల్లులకు ధైర్యం చెప్పాల్సింది ఇక్కడే.

నా మట్టుకు నేను తెలుగు అక్షరాలు ముందు, ఇంగ్లిషు ధ్వనులు ఒక ఏడాది వెనుక అంటాను. మాటను ధ్వనులుగా విరవడం ఒక భాషలో వచ్చిన పిల్లకు రెండో భాషలో మళ్లీ మొదటి నుంచి నేర్పక్కర్లేదు. ఈ దారి వెనక్కీ పనిచేస్తుంది. అమెరికాలోని తెలుగు పిల్లలు కిండర్‌గార్టెన్‌లో ఇంగ్లిషు ఫోనిక్స్ చదివి, వారాంతాల్లో 2007 నుంచి నడుస్తున్న సిలికానాంధ్ర మనబడి వంటి తరగతులకు వస్తారు. విడి ధ్వని అంటే ఏమిటో వాళ్లకు అప్పటికే తెలుసు. వాళ్లకు గుణింతాన్ని క్+ఇ=కి అని చూపితే సగం పని తగ్గుతుంది.

అక్షరం వచ్చినంత మాత్రాన చదువు రాదు. గఫ్, టన్మర్ 1986లో చెప్పిన సూత్రం ప్రకారం, చదివి గ్రహించడమంటే అక్షరాలను పలకగలగడాన్ని భాషను అర్థం చేసుకోవడంతో గుణిస్తే వచ్చేది. కూడిక కాదు, గుణకారం. ఒకవైపు సున్నా అయితే మొత్తం సున్నాయే. ఇంగ్లిషు పుస్తకం గడగడా చదివి అందులో ఏముందో చెప్పలేని పిల్లలు మన బడుల నిండా ఉన్నారు. వాళ్లకు కావలసింది మరిన్ని కార్డులు కాదు, కథలు, కబుర్లు, మాటలు. రాత్రి అన్నం తినిపిస్తూ చెప్పే కథ ఫోనిక్స్ తరగతికి తక్కువ కాదు. ఇంతా చేసినా ఏడెనిమిదేళ్లకూ ధ్వనులు కలపడం పట్టుబడని పిల్లలు కొందరుంటారు. వాళ్లను బద్ధకస్తులని తిట్టకుండా నిపుణులకు చూపించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాలను కూడా గుర్తించింది.

ఇప్పుడు ప్రభుత్వాల వంతు. మూడో తరగతి ముగిసేలోపు ప్రతి పిల్లా చదవగలగాలన్న లక్ష్యంతో 2021 జులైలో నిపుణ్ భారత్ మొదలైంది. అందుకు పెట్టుకున్న గడువు 2026-27. 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 23.4 శాతం. 2022లో అది 16.3 శాతమే కనుక మెరుగైన మాట నిజం. అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా బయటే ఉన్నారు. 2023 ఫిబ్రవరిలో కేంద్రం ‘జాదుయీ పిటారా’ పేరుతో ఆటవస్తువుల పెట్టె విడుదల చేసింది. ఆలోచన మంచిదే. అయితే బడికి చేరిన పెట్టె బీరువాలోంచి బయటికి రావడం ఈ దేశంలో వేరే కార్యక్రమం. పిల్లలు చింపేస్తారని, లెక్క చెప్పాలని భయపడే హెడ్‌మాస్టర్లను అనీ లాభం లేదు. ఖరీదైన వస్తువు ఇస్తే దాన్ని కాపాడటమే పని అవుతుంది. మూతలు, పిక్కలు, పాత కార్డులు పోయినా ఎవరూ నోటీసు ఇవ్వరు.

ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఉండేది అక్కడే. వాళ్ల తల్లుల్లో చాలామందికి చదవడం రాదు, వచ్చినా పిల్లకు నేర్పేంత ధైర్యం లేదు. ఇంటి చదువు గురించి మాట్లాడే వ్యాసాలు, వీడియోలు వీళ్లను లెక్కలోకే తీసుకోవు. కానీ చప్పట్లు, మొదటి అక్షరం ఆట, పిడికిలి బిగించే ఆట, అంత్యాక్షరి ఇవేవీ చదువు రాని తల్లి చేయలేనివి కావు. ధ్వనుల పని మొత్తం నోటితో, చెవితో సాగేదే. అక్షరం చూపించే రెండో సగం అంగన్‌వాడీ టీచరు చూసుకుంటే చాలు. ఈ పని విభజన చేసి, తల్లులకు నేరుగా చూపించిన కార్యక్రమం రెండు రాష్ట్రాల్లోనూ పెద్ద ఎత్తున జరిగినట్టు నాకు తెలియదు.

వేదికలు లేక కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు, ఆ తర్వాత 2025లోనూ జరిపారు. ప్రసంగాలు, ముగ్గుల పోటీలు, భోజనాలతో పాటు అలాంటి రోజున ప్రతి ఒకటో తరగతి గదిలో పది నిమిషాలు కేటాయించి, ఒక టీచరు గుప్పెడు చింతపిక్కలతో ‘మామిడి’ని విడదీసి చూపాలి. ఆపై తల్లిదండ్రుల చేత చేయించాలి. ‘బ’కూ ‘బ్’కూ తేడా పలికించాలి. ఇందుకు కొత్త జీవో, టెండరు, బడ్జెట్ పద్దు అక్కర్లేదు. వచ్చే సమావేశం కార్యక్రమ పత్రంలో ఆ పది నిమిషాలు చేర్చమని రెండు రాష్ట్రాల విద్యాశాఖలనూ, అంగన్‌వాడీలు చూసే మహిళా శిశు సంక్షేమ శాఖలనూ కోరుతున్నాను.